ముత్తాతగారి మండువా ఇల్లు, ఊరి చేతికి తాళంచెవి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లెటూరు. మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి ఇల్లు ఉంది. వందేళ్ళు దాటింది. నాన్నగారు పోయాక ఏడేళ్ళుగా తాళం వేసే ఉంది. నేను హైదరాబాద్‌లో టీచరుగా రిటైరయ్యాను. తమ్ముడు అమెరికాలో ఉంటాడు, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మేనత్తగారు అమలాపురంలో ఉన్నారు. ఇల్లు అమ్మడం ఎవరికీ ఇష్టం లేదు. ఊరికి ఉపయోగపడేలా చెయ్యాలని ఉంది. ఒక గ్రంథాలయం, డ్వాక్రా మీటింగులు, చిన్న ఫంక్షన్లు, ఇలా. ఊళ్ళో కొందరు పడగొట్టి స్లాబు హాలు కట్టమంటున్నారు. మేస్త్రీ ఏమో గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగ్ చేసి కింద టైల్స్ వేస్తే కొత్త ఇల్లయిపోతుందంటున్నాడు. స్తంభాలూ తలుపులూ కొంటానని ఒకాయన రెండుసార్లు వచ్చి అడ్వాన్స్ ఇవ్వబోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

ముందు ఆ స్తంభాలాయన సంగతి తేల్చేద్దాం. అడ్వాన్స్ పుచ్చుకోలేదు, బతికిపోయారు. మండువా, అంటే ఇంటి మధ్యలో ఆకాశానికి తెరిచి ఉంచిన చోటు, దాని చుట్టూ ఉన్న స్తంభాలు అందానికి నిలబెట్టినవి కావు. నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన కప్పు బరువు వాటి మీదే ఉంటుంది. "ఒక్కటి తీసి సిమెంటుది పోయిస్తామండీ, తేడా తెలీదు" అంటారు. తీసేటప్పుడు దూలం ఒక్క అంగుళం దిగిందంటే పైన పెంకు వరస వరసే కదిలిపోతుంది. ఆ ఏడు వానాకాలం ఇంట్లోనే కురుస్తుంది. కోనసీమలో ఎవరిని కదిపినా "మాది రంగూన్ టేకండీ" అంటారు. కొందరిది నిజంగానే ఓడల్లో వచ్చింది. ఇంకొందరిది ఏజెన్సీలో కొట్టి గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన కలప. మీది ఏదైనా సరే, అంత లావు, అంత చేవ ఉన్న దుంగ కావాలని ఇవాళ ఒక అడితికి వెళ్ళి ధర అడగండి. ఆయన ఇవ్వబోయిన అడ్వాన్స్ ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది.

ఇక పడగొట్టమనేవాళ్ళు. వాళ్ళతో గొడవపడకండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు స్లాబు హాళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిలో ఎన్నింటికి తాళం వేసి ఉందో కూడా చూడండి. చాలా ఊళ్ళలో కమ్యూనిటీ హాలు అంటే రంగు వెలిసిన శిలాఫలకం, తుప్పు పట్టిన షట్టరు, లోపల షామియానా గుంజలు. ఊళ్ళో భవనాలకు కొరత లేదు. పొద్దున్నే తలుపు తీసి, చీపురు పట్టి, సాయంత్రం దాకా ఉండే మనిషికే కొరత.

నేనిలా అనడానికి కారణం ఉంది. మా అమ్మ పుట్టిన ఊళ్ళో మా తాతల ఇంటిని మేమూ ఇలాగే ఊరికి ఇచ్చాం. డబ్బు పెట్టాం, పెంకు మార్పించాం, ప్రారంభోత్సవం చేశాం, భోజనాలు పెట్టాం. తాళంచెవి పక్కింటి మా బంధువుల దగ్గర ఉంచాం, నమ్మకస్తులని. రెండేళ్ళు తిరిగేసరికి సావిట్లో ధాన్యం బస్తాలు, పుస్తకాల బీరువా మీద పాత ఫ్యాను. ఆ బంధువులు చెడ్డవాళ్ళు కాదు. తాళంచెవి కోసం వాళ్ళింటికి వెళ్ళి అడగాలంటే ఊళ్ళో సగం మందికి మొహమాటం, మిగతా సగానికి భయం. అంతే.

ఇంకో సంగతి. ప్రారంభోత్సవం రోజున దళితపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా తాతగారి హయాంలో మా పొలంలోనే పని చేసినాయన. చెప్పులు అరుగు కింద విడిచి, ఒక చెయ్యి గోడకి ఆనించి, వీధి గుమ్మం ముందు నిలబడిపోయాడు. నేను రమ్మంటే "దొడ్డి దారిన వస్తానులెండి బాబూ" అన్నాడు. ఆయనకి తెలిసిన మా ఇల్లు దొడ్డివాకిలే. కూలి గింజలు కుంచంతో కొలిచి పోసేది అక్కడే. డెబ్భై ఏళ్ళ వయసులో ఆయన మా వీధి గడప దాటడం అదే మొదలు. మేం నెలల తరబడి సున్నం గురించీ పెంకు గురించీ మాట్లాడుకున్నాం గానీ ఈ గడప సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మీ ఇంటికి కూలికి వచ్చినవాళ్ళు ఏ గుమ్మంలోంచి వచ్చేవారో ఒకసారి గుర్తుచేసుకోండి. మేస్త్రీని పిలవకముందే వాళ్ళ పిల్లల్నీ మనవల్నీ పిలిచి, వీధి సావిట్లో కుర్చీలు వేసి కూర్చోబెట్టి, "ఈ ఇల్లు మీకు దేనికి పనికొస్తుంది?" అని అడగండి. మీరు గ్రంథాలయం అనుకుంటున్నారు. వాళ్ళు పోటీ పరీక్షలకు చదువుకునేందుకు రాత్రి పది దాకా లైటు వెలిగే గది కావాలనవచ్చు. వినండి.

ఇప్పుడు కాగితాలు. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ దీన్ని వాయిదా వేసినవాళ్ళే తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతారు. ముత్తాతగారి నుంచి మీదాకా ఇల్లు ఎలా వచ్చిందో ఒక కాగితం మీద వంశవృక్షం గీయండి. మీ తాతగారు వీలునామా రాయకుండా 1956 తర్వాత పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం కింద మేనత్తగారికీ వాటా ఉంటుంది. "ఆవిడకి పెళ్ళిలోనే పసుపుకుంకుమ కింద ఇచ్చేశాం కదా" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాట రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లదు. ఆవిడ మనస్ఫూర్తిగా వదులుకుంటానన్నా హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. 2005 సవరణ, దాని మీద 2020 ఆగస్టులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పిత్రార్జితంలో కూతుళ్ళ వాటాను తోసిపుచ్చడం అంత తేలిక కాదు. ఆవిడ బతికుండగానే, ఆవిడ పిల్లల ముందే మాట్లాడండి. చేతిలో స్వీట్లతో కాకుండా చేతిలో కాగితాలతో వెళ్ళండి. సరే, స్వీట్లు కూడా పట్టుకెళ్ళండి.

పాత ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ కోసం వదిలిన నేలలో ఉంటాయి. దానికి పట్టా పుస్తకం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, పాత పంపకం కాగితాలు, కరెంటు బిల్లులు, రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), దొరికినవన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఊళ్ళో కాకుండా టౌనులో ఉన్న లాయరుకి చూపించండి. తమ్ముడు సంతకానికి రాలేకపోతే, అక్కడే పవర్ ఆఫ్ అటార్నీ రాసి పద్ధతి ప్రకారం ధ్రువీకరణ చేయించి పంపొచ్చు. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ మూడు నెలల గడువు చాలామంది మర్చిపోతారు.

తమ్ముడి డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త. విదేశంలో ఉన్న భారతీయ పౌరుడు తన సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు ఇస్తే, మన రక్తమే అయినా, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డున్నా, అది విదేశీ విరాళమే. మీ సంఘమో ట్రస్టో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా దాన్ని తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘానికి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద కనీసం పదిహేను లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు దిగేది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. ఊరి గ్రంథాలయానికి ఇదంతా కొండంత బరువు. ఇల్లు ఇంకా మీ కుటుంబం పేరునే ఉండగా, తన వాటా ఉన్న ఇంటిని తను బాగుచేయించుకోవడం వేరే సంగతి. అందుకే పెద్ద మరమ్మతులు చేతులు మారకముందే చేయించేయమంటాను. అడుగు వేసేముందు ఒక ఆడిటర్ని మాత్రం అడగండి.

పంచాయతీకి రాసిచ్చెయ్యాలా, ట్రస్టు పెట్టాలా అని అడగలేదు మీరు. అడుగుతారు. నా అభిప్రాయం చెప్తాను. ఇప్పుడే ఎవరికీ రాసివ్వొద్దు. స్థిరాస్తి దానం రిజిస్టరయిందంటే మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. "నాకు ఇష్టం లేనప్పుడు రద్దు" అని షరతు రాసుకున్నా చెల్లదు. సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరవుతుంది. ఆ ఏడుగురిలో మీ చుట్టాలు ఒక్కరికి మించకుండా చూడండి. కనీసం ముగ్గురు ఆడవాళ్ళు, పేట నుంచి ఇద్దరు ఉండాలి. ఆ సంఘానికి మూడేళ్ళకు లీజు రాసి రిజిస్టరు చేయించండి. మూడేళ్ళలో వాళ్ళు ఇల్లు నడిపిన తీరు చూసి అప్పుడు దానం సంగతి ఆలోచించండి. పెళ్ళికి ముందు నిశ్చయతాంబూలాలు ఉన్నట్టు.

ఇక ఇంటి దగ్గరికి వద్దాం. మేస్త్రీగారి సిమెంటు ప్లాస్టరింగ్‌కి ఒప్పుకోకండి. ఈ ఒక్క మాట వింటే ఈ ఉత్తరానికి ఫలితం దక్కినట్టే. మీ గోడలు మట్టివో, సున్నంతో కట్టిన ఇటుకవో అయి ఉంటాయి. కోనసీమ నేలలో కాస్త తవ్వితే నీళ్ళు. ఆ చెమ్మ పునాదుల్లోంచి గోడలోకి ఎక్కుతుంది. సున్నం పూత ఉన్న గోడ ఆ తడిని మెల్లగా గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పొర వేస్తే తడికి బయటికి దారి ఉండదు. అది ఇంకా పైకి ఎక్కుతుంది, లోపల ఉప్పు పేరుకుంటుంది, అసలు గోడ లోలోపల పొడై రాలుతుంది. మా ఇంట్లో పడమటి గోడకి మేం చేసిన తప్పు ఇదే. మొదటి ఏడాది అద్దంలా మెరిసింది. రెండో వానాకాలం వెళ్ళాక వేలి కణుపుతో కొడితే డొల్ల మోత. చిన్న పగులులో వేలు పెట్టి లాగితే అరచేతి వెడల్పు పెచ్చు అప్పడంలా ఊడొచ్చింది, దాని వెనక నుంచి గోడ మన్ను ధారగా రాలింది. చివరికి ఆ సిమెంటంతా గీకించి మళ్ళీ సున్నం పెట్టించడానికి మొదటి ఖర్చుకి రెట్టింపయింది. కింద టైల్స్ కూడా అంతే. గది మధ్యలో బయటికి రాలేని తడి గోడల వైపు నడుస్తుంది.

"సున్నం పని తెలిసినవాళ్ళు ఇప్పుడెవరున్నారండీ" అంటారు. ఉన్నారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మన దగ్గర నుంచి గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని మెట్లబావులకూ, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకూ చోటు దక్కింది. ఆ కోటను దాని వారసులే పూనుకుని బాగుచేయించుకున్నారు. సున్నం పని చేసే చేతులు ఇలాంటి చోట్లా, పాత గుళ్ళ మరమ్మతుల్లోనూ దొరుకుతాయి. ఇంటాక్ అనే సంస్థ 1984 నుంచి ఇదే పనిలో ఉంది. వాళ్ళ ద్వారా పాత కట్టడాలు తెలిసిన ఆర్కిటెక్టుని ఒక్కసారి తీసుకొచ్చి ఇల్లంతా చూపించండి. ఆ ఒక్కరోజు ఫీజు దగ్గర పీనాసితనం వద్దు. మీ మేస్త్రీని మానిపించనక్కర్లేదు. సున్నం నానబెట్టడం, ఇసుకా ఇటుకపొడీ కలిపి రుబ్బడం, కరక్కాయ, బెల్లం నీళ్ళు పట్టించడం, పల్చటి పొరలుగా వేసి తడి ఆరిపోకుండా కాచుకోవడం నేర్చుకుంటే ఆయనకి మరో నాలుగు ఇళ్ళ పని దొరుకుతుంది. పని నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టాలి.

కప్పు సంగతి. పెంకు దించకుండా చదరపు అడుగుకి ఇంత అని ఎవరు అంచనా చెప్పినా నమ్మకండి. రోగం పెంకులో ఉండదు, వాసాల కొసల్లోనూ, దూలం గోడలోకి దిగిన చోటా ఉంటుంది. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ఆ చోట్ల గుచ్చి చూడండి. చేవ ఉంటే మొన దిగదు. పుచ్చిందైతే మెత్తగా దిగిపోతుంది, చెద ఉంటే మట్టి రాలుతుంది. కొస పుచ్చిందని దూలమంతా మార్చక్కర్లేదు. మంచి వడ్రంగి ఆ రెండడుగులు కోసి కొత్త చెక్క అతుకుతాడు. పగిలిన పెంకులకి బదులు కొత్తవి కొనకండి, చుట్టుపక్కల ఊళ్ళలో పడగొడుతున్న ఇళ్ళ దగ్గర అదే కొలత పాత పెంకు దొరుకుతుంది. 1996 నవంబరు తుపానుకి మీ కప్పు లేచిపోయి ఉంటే, అప్పటి హడావుడి మరమ్మతుల్లో ఒక మూల ఏ రేకులో, తక్కువ రకం చెక్కో వాడి ఉంటారు. ఊళ్ళో ముసలివాళ్ళనడిగి ఆ మూల ఏదో కనుక్కుని ముందు అది చూడండి. కప్పు పని సంక్రాంతి వెళ్ళాక మొదలెట్టి ఏరువాక లోపు మూసెయ్యాలి. మధ్యలో ఆపే పని కాదది.

మండువా మీద రేకు వేసి మూసేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "హాలు పెద్దదవుతుంది కదా" అని. ఆ ఆకాశం ముక్కే ఇంటికి వెలుతురు, అక్కడి నుంచే వేడిగాలి పైకి పోతుంది. మూస్తే పట్టపగలు లైట్లు, పది ఫ్యాన్లు. మూసే బదులు, కింద నీళ్ళు బయటికి పోయే తూము ఎక్కడుందో వెతికి బాగుచేయించండి. ఏడేళ్ళుగా ఆకూ అలమూ పడి అది పూడిపోయే ఉంటుంది. మీ గోడల చెమ్మలో సగం అక్కడిదే అయినా నేను ఆశ్చర్యపోను.

ఇల్లు నలుగురిదీ కావాలంటే కొత్తగా చేర్చాల్సినవి కొన్ని ఉన్నాయి. మరుగుదొడ్లు ఇంటి లోపల గదిని చీల్చి కట్టొద్దు, దొడ్లో విడిగా కట్టండి, నూతికి కనీసం యాభై అడుగుల దూరంలో. చక్రాల కుర్చీకి ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలి. మీ అరుగు రెండడుగులుంటే ఇరవై నాలుగడుగులన్నమాట. అంత పొడవుకి వీధి అరుగు కొట్టెయ్యమంటారు, వద్దు. పక్క సందులోంచి సావిట్లోకి తీసుకురండి. వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేయించాల్సిందే, ఎర్తింగుతో సహా. ఎండిన చెక్క ఇల్లది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఫంక్షన్లకి పొయ్యిలు దొడ్లోనే. జనం ఉన్నంతసేపూ దొడ్డిగుమ్మం గడియ తీసే ఉండాలి.

ఏ పని ఎక్కడన్నది ఇల్లే చెబుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు వచ్చాక పండిన వరి డబ్బుతో లేచిన తరహా ఇళ్ళివి. రైతు అవసరాలకి కొలిచి కట్టినవి. ధాన్యం కొట్టు నేల ఎత్తుగా, పొడిగా, బరువు మోసేలా ఉంటుంది. పుస్తకాలు అక్కడ పెట్టండి, అటక మీద మాత్రం వద్దు. పుస్తకాల బరువుకీ, చెదలకీ అటక నిలవదు. మీటింగులు సావిట్లో. ముసలివాళ్ళకి వీధి అరుగు, పొద్దున పేపరు. పశువుల శాలకి గోడలు తక్కువ, గాలి ఎక్కువ. ఫంక్షన్లూ భోజనాలూ అక్కడికి మార్చండి, మండువాలో వద్దు. విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగంగారి ఇల్లు చూసే ఉంటారు. అవి స్మారకాలు, జనం చూసి వెళ్తారు. మీ ముత్తాతగారి ఫోటో ఒక్కటి గోడకి పెట్టుకోండి, చాలు.

అయితే ఇవన్నీ ఒకేసారి చెయ్యకండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేసింది 1929లో. అప్పటికే పదకొండేళ్ళుగా పుస్తకాలున్నాయి, చదివేవాళ్ళున్నారు. మీరూ ఈ సంక్రాంతికి సావిడి, అరుగు, ఒక మరుగుదొడ్డి, రెండు లైట్లు, ఒక బెంచీ, ఇంతే సిద్ధం చెయ్యండి. కప్పు కారే చోట తాత్కాలికంగా టార్పాలిన్ కట్టండి. తలుపు రోజూ తియ్యడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టండి, జీతం లేని సేవ ఆరు నెలలకి మించి నడవదు. తాళంచెవులు మూడు చేయించి, ఒకటి ఆ మనిషికి, ఒకటి డ్వాక్రా సంఘం లీడరుకి, ఒకటి పేటలో ఇవ్వండి. మీ బంధువులకి వద్దు. నిష్ఠూరమాడతారు, ఆడనివ్వండి. ఎవరెవరు వస్తున్నారో, దేనికి వస్తున్నారో ఏడాది పాటు నోటు పుస్తకంలో రాయించండి. పెద్ద మరమ్మతులకి ప్లాను గీసే ఆర్కిటెక్టుకి ఆ పుస్తకం చూపించండి.

ఈలోగా మీరు ఊరెళ్ళినప్పుడు నాలుగు ఫోటోలు తీసి పంపండి: దూలం కొస గోడలోకి దిగిన చోటు, పడమటి గోడ కింది రెండడుగులు, మండువా తూము, వీధి గడప. ఇంటి ముందు నిలబడి ఫ్యామిలీ ఫోటో పంపేరు సుమా, అది నాకు పనికిరాదు.